సార్‌ను లెక్క అడిగినందుకు

ప్రశ్న:

నాకు ముప్పై ఆరేళ్ళు. హైదరాబాద్ శివారులో ఉంటాను, ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. ఆరేళ్ళుగా మా కాలనీ పక్కనున్న చెరువు కోసం పనిచేసే బృందంలో ఉన్నాను. మా పెద్దాయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అందరం ఆయన్ని సార్ అనే అంటాం. పాత పటాలు చదవడం, చెరువు పూర్తి నీటిమట్టం గీత ఎక్కడి దాకా వస్తుందో అక్కడే నిలబడి చూపించడం మాకు ఆయనే నేర్పారు. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, పదవులు లేవు. "మనది కుటుంబం, కుటుంబానికి అధ్యక్షుడు ఉంటాడా?" అంటారు సార్.

సమాచార హక్కు దరఖాస్తులు రాసేది, అప్పీళ్ళకు తిరిగేది నేను. ఫొటోలు తేదీల వారీగా సర్దేది, సమావేశంలో ఎవరేమన్నారో రాసి పెట్టేది మేం ముగ్గురు ఆడవాళ్ళం. టీవీ వాళ్ళు వస్తే మాట్లాడేది సార్. రాత్రి పదకొండింటికి ఫోను చేసి, తెల్లవారేసరికి కలెక్టరుకు ఉత్తరం సిద్ధం కావాలంటారు. ఒక ఆదివారం మా అబ్బాయికి జ్వరమని సర్వేకు వెళ్ళలేదు. "కబ్జాదారులకు సెలవుల్లేవు, మనలో కొందరికి మాత్రం ఉన్నాయి" అని గ్రూపులో పెట్టారు. పేరు రాయలేదు, కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. ధర్నా పెట్టిన రోజు మాత్రం చెరువులో చేపలు పట్టేవాళ్ళను, పక్క బస్తీ వాళ్ళను కూడా పిలుస్తాం, జనం కనబడాలని.

నాలుగు నెలల కిందట, ట్రైబ్యునల్‌లో కేసు కోసం వసూలు చేసిన చందాల లెక్క ఒకసారి అందరికీ చదివి వినిపిద్దామన్నాను. సార్ ముఖం మాడిపోయింది. "ఈ వయసులో నేను దొంగను కానని రుజువు చేసుకోవాలా?" అన్నారు. మర్నాటి నుంచి ముఖ్యుల గ్రూపులో నేను లేను. పనులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఫోను మోగితే కడుపులో తిప్పుతుంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. మొన్న ఒక విద్యార్థిని పరీక్షలున్నాయి రాలేనంటే, "చెరువు పూడిపోయాక తీరిగ్గా రా" అని కసిరాను. రోజూ నడిచే కట్ట మీదికి వెళ్ళి రెండు నెలలైంది. నేను బలహీనురాలినా? నేను వదిలేస్తే చెరువు ఏమవుతుంది? లేక జరిగిందంతా నలుగురికీ తెలిసేలా రాసేయాలా?

– పేరు వద్దు

సమాధానం:

అమ్మా,

పేరు వద్దన్నారు కనుక ఇలాగే పిలుస్తాను. వయసులో మీకంటే ఇరవై ఏళ్ళు పెద్దదాన్ని, చెల్లుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. మీరు బలహీనురాలు కారు. ఊరడింపుకు అనడం లేదు, ఈ అవస్థకు పేరు పెట్టిన మనిషి సంగతి వినండి. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఒక వ్యాసం రాసి 'బర్నవుట్' అన్న మాటను వైద్యుల భాషలోకి తెచ్చారు. న్యూయార్కులో డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే ఒక క్లినిక్ ఉండేది. ఆయన పగలు తన ప్రాక్టీసు చూసుకుని, అక్కడికి వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసేవారు. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు, వాళ్ళతోపాటు తాను కూడా, కొన్ని నెలలు గడిచేసరికి ఎలా తయారవుతున్నారో చూసి రాశారు. నిద్ర ఉండదు. చిన్నమాటకే చిరాకు. ఎవరి కోసం వచ్చామో వాళ్ళ మీదే విసుగు. పని ఎగ్గొట్టేవాళ్ళకు ఇది రాదనీ, మనసు పెట్టి చేసేవాళ్ళే ఇందులో పడతారనీ ఆయన గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని ఉద్యోగంతో ముడిపడిన సమస్యగా నిర్వచించింది, అప్పటి నుంచి ఆఫీసుల్లో దీని మీద ఉపన్యాసాలు కూడా ఇప్పిస్తున్నారు. ఆ మాట పుట్టింది మాత్రం జీతం లేని మీలాంటివాళ్ళ మధ్యనే.

అయితే రెండు వారాలు ఊరెళ్ళి రండి అని నేను చెప్పబోవడం లేదు. పని ఎక్కువై అలసిన మనిషి నాలుగు రోజులు పడుకుంటే లేస్తుంది. మీరు అయిదేళ్ళకు పైగా ఇదే పని ఇంతే చేశారు, ఫోను మోగితే కడుపులో తిప్పలేదు. నాలుగు నెలల కిందట మారింది ఏమిటి? పని పెరగలేదు. మాట చెల్లదని తేల్చి చెప్పారు, చేతులు మాత్రం కావాలన్నారు. హాల్లోంచి పంపించేసి వంటింట్లో ఉండమన్నారు. ఈ అలసట ఊరి నుంచి బస్సు దిగిన రోజే మళ్ళీ మొదలవుతుంది.

'మనది కుటుంబం' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. నేనెరిగిన కుటుంబాల్లో అధ్యక్షుడు లేని ఇల్లు ఒక్కటీ లేదు, ఎన్నిక జరగదు అంతే. తాళంచెవుల గుత్తి ఎవరి నడుముకు ఉంటే పెత్తనం వాళ్ళది. జో ఫ్రీమన్ అనే అమెరికన్ స్త్రీవాది 1970లో తన సొంత ఉద్యమంలోని బృందాల గురించే ఈ సంగతి చెప్పారు. మాకు ఏ నిర్మాణమూ లేదని చెప్పుకునే బృందంలోనూ నిర్మాణం ఉంటుంది, బయటికి కనబడదంతే. కనబడని పెత్తనాన్ని నిలదీయడానికి నియమం ఉండదు, దించడానికి దారి ఉండదు.

మీ సంఘంలో తాళంచెవులు లెక్కపెట్టి చూడండి. గ్రూపు అడ్మిన్ ఎవరు? చందాలు పడేది ఎవరి ఖాతాలో? వకీలు ఎవరు ఫోను చేస్తే ఎత్తుతాడు? పాత పటాలు ఎవరి బీరువాలో ఉన్నాయి? విలేఖరుల నంబర్లు ఎవరి దగ్గరున్నాయి? అన్నింటికీ ఒకే పేరు వస్తే, అధ్యక్షుడనే బిరుదు లేకపోవడం ఆయనకే సౌకర్యం. అధ్యక్షుడికి పదవీకాలం ఉంటుంది, సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఫలానా తేదీకి లెక్క ఒప్పజెప్పాలని ఉంటుంది. సార్‌కు అవేవీ లేవు. ఇక మీ ముగ్గురు ఆడవాళ్ళ పని సంగతి చదివి నవ్వొచ్చింది. మా కాలంలో సభకు చాపలు పరిచి టీ కాచేవాళ్ళం, మీరు ఫైళ్ళు సర్దుతున్నారు. ముప్పై ఏళ్ళకు చాప కంప్యూటరైంది.

అలాగని సార్ దుర్మార్గుడని నేననుకోవడం లేదు. పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుందో, దాని అవతల ఇంకో ముప్పై మీటర్ల దాకా పెద్ద చెరువు పక్కన ఇటుక పెట్టకూడదని బిల్డరు ముఖం మీదే ఎలా చెప్పాలో నేర్పిన మనిషి ఆయన. రిటైరైనవాళ్ళు ఇంట్లో ఉన్న ఎవరికైనా తెలుసు, పొద్దున్నే ఫోను మోగడం, నలుగురు 'సార్' అని లేచి నిలబడటం వాళ్ళకు ఎంత అవసరమో. ఆయన పెత్తనంలో సగం ఆయన తీసుకున్నది, మిగతా సగం మీరంతా కలిసి కట్టబెట్టింది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక ఏప్రిల్ 14 బ్యానర్ల మీద ఎందుకో పెద్దగా కనబడదు: మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి మాత్రం పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నారు. దేశం గురించి అన్న ఆ మాట, పాతికమంది ఉన్న చెరువు సంఘానికీ వర్తిస్తుంది.

లెక్క విషయంలో మాత్రం సార్‌ను సమర్థించలేను. మీరు అడిగింది కాగితం గురించి. ఆయన దాన్ని తన పరువు మీదికి తిప్పుకున్నారు. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ ఇక ఆ ప్రశ్న అడగరు. మీరు నింపే దరఖాస్తు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోండి. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 చివరి నుంచి ఊళ్ళలో బహిరంగ విచారణలు పెట్టి, పంచాయతీ పనుల మస్టరు రోళ్ళు, అంటే కూలీల హాజరు పట్టీలు, జనం ముందు గట్టిగా చదివించింది. చనిపోయినవాళ్ళ పేరు మీద కూడా కూలి డబ్బు ఎత్తినట్టు అలా బయటపడింది. 'మా డబ్బు, మా లెక్క' అన్నది వాళ్ళ నినాదం. ఆ పోరాటం సాగి సాగి 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మున్సిపల్ కమిషనరును లెక్క అడగడం హక్కు, సార్‌ను అడగడం అవమానం అంటే, మీ సంఘం ఆ చట్టాన్ని వాడుకుంటోంది గాని నమ్మడం లేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. గొప్పగా చెప్పుకునేది కాదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడుస్తున్నప్పుడు నేనూ ఒక రాత్రి బడికి వాలంటీరుగా వెళ్ళాను. ఇరవై రెండేళ్ళు. మా మీద ఒక 'అన్న' ఉండేవారు. మాట్లాడితే జనం కదలకుండా వినేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇప్పటికీ వాడుకుంటున్నాను. ఆయన మాకు తిండీ నిద్రా ఉంటాయని మరిచిపోయేవారు, తనకూ ఉంటాయని మరిచిపోయేవారు. జ్వరంతో ఒక వారం పడుకుని లేచి వెళితే, "మధ్యతరగతి ఒళ్ళు" అన్నారు అందరి ముందూ. ఆ రాత్రి ఏడ్చి, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి మా ఊరు వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ట్రంకుపెట్టెలో హాజరు పుస్తకాలు, ముప్పైమంది ఆడవాళ్ళలో ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో రాసుకున్న నోటుపుస్తకం అలాగే నాతో వచ్చేశాయి. నా తర్వాత వచ్చిన అమ్మాయికి ఏమీ తెలియక అందరికీ మళ్ళీ అక్షరాల నుంచి మొదలుపెట్టిందట. రెండో వాచకం చదువుతున్న ఒకామె, "మాకు మళ్ళీ అ ఆలు దిద్దిస్తారా?" అని బడికి రావడం మానేసిందని చాలా రోజులకు తెలిసింది. అన్న మీద కోపం ఎప్పుడో పోయింది. ఆ నోటుపుస్తకం గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ తల వంచుకుంటాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లోనే అదే జిల్లాలో, ఇలాంటి రాత్రి బడికే వెళ్ళే దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1992లో జిల్లా అంతటా సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదంతా నేను లేకుండానే జరిగింది. అన్న లేకుండా కూడా.

అందుకే 'నేను వదిలేస్తే చెరువు ఏమవుతుంది' అన్నదానికి రెండు జవాబులూ ఇస్తాను. కొంత నష్టం జరగవచ్చు. ఒక అప్పీలు గడువు దాటిపోవచ్చు, ఒక వాయిదాకు కాగితం అందకపోవచ్చు. జరగదని మీకు అబద్ధం చెప్పను. కానీ ఆ నష్టం మీరు వదిలేయడం వల్ల కంటే, ఆరేళ్ళుగా ఆ పని ఒక్కరి చేతిలోనే ఉండటం వల్ల ఎక్కువ. సార్ చేతిలో తాళంచెవులు ఉన్నట్టే మీ చేతిలో కూడా కొన్ని ఉన్నాయమ్మా. ఏ దరఖాస్తుకు జవాబు ఎప్పుడొచ్చింది, దేనికి మొదటి అప్పీలు వేశారు, దేనికి రెండోది వేయాలి, ఈ లెక్క మీకు తప్ప ఎవరికైనా తెలుసా?

కాబట్టి ముందు ఒక వారం కొత్త పని ఏదీ ఒప్పుకోకుండా కూర్చుని, మీరు చేసేవన్నీ కాగితం మీద పెట్టండి. ఏ పని, దానికి ఎన్ని గంటలు, తర్వాతి గడువు ఎప్పుడు. రాస్తుంటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది, అది రెండో ఉద్యోగం. మొదటి అప్పీలుకు ముప్పై రోజులు, రెండోదానికి తొంభై రోజులు అన్నది మీకు కంఠతా వచ్చు, మిగతావాళ్ళకు రాదని అనుకునే రాయండి.

తర్వాత సార్ ఇంటికి వెళ్ళండి. గ్రూపులో రాయవద్దు, ఫోనులో వద్దు. మిగతా ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరినైనా వెంటబెట్టుకోండి. ఒంటరిగా వెళితే మీ మాట 'ఆ అమ్మాయి అలిగింది' అన్న కబురుగా బయటికి వస్తుంది. ఆయన స్వభావం మీద ఒక్క మాటా వద్దు, మూడు పనులు అడగండి. చందాల లెక్క వచ్చే సమావేశంలో చదవాలి, ఇక మీదట మూడు నెలలకోసారి చదవాలి. ఖాతాకు, గ్రూపుకు, ఫైళ్ళకు రెండో మనిషి ఉండాలి. ఈసారి టీవీ వాళ్ళు వస్తే మాట్లాడేది సార్ కాకుండా ఇంకొకరు. "ఇదంతా రిజిస్టరు చేస్తే తేలిక సార్" అని కూడా అనవచ్చు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. రిజిస్టరైన సంఘాల్లో పెత్తనాలు లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. అక్కడ కనీసం అడగడానికి ఒక తేదీ ఉంటుంది. మిగులు నీరు పోవడానికి అలుగు లేని చెరువు కట్ట తెంచుకుంటుందని మీ సార్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళు అదే చూసిన మనిషి. సంఘంలో అసమ్మతికి అలుగు ఎక్కడుందో ఆయన్నే అడగండి. ఇంజనీరు భాషలో చెబితే వింటారేమో.

వింటారని నాకు పెద్ద నమ్మకం లేదు. వినకపోతే వచ్చేయండి, కానీ నాలా రావద్దు. ఇలా ఒక ఉత్తరం రాసి అందరికీ ఇవ్వండి: 'ఈ నెలాఖరుతో నేను పని నుంచి తప్పుకుంటున్నాను. పెండింగులో ఉన్న దరఖాస్తులు, గడువులు ఈ జాబితాలో ఉన్నాయి. ఫైళ్ళ నకళ్ళు ఫలానా ఇద్దరికి అప్పగించాను. చందాల లెక్క చదవాలని నేను కోరాను, ఇప్పటికీ కోరుతున్నాను. మీ అందరితో పనిచేసినందుకు సంతోషం.' అంతే. కారణాలు రాస్తే ప్రతి కారణం మీదా వాదం జరుగుతుంది, మీకు ఆ ఓపిక లేదు. ఆ తర్వాత రాత్రి పదకొండింటి ఫోను ఎత్తవద్దు. మొదటి నాలుగుసార్లు చెయ్యి వణుకుతుంది.

సంఘం విడిచినంత మాత్రాన పని విడిచినట్టు కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేసిన బాలగోపాల్, నక్సలైట్ల హింస విషయంలో హక్కుల ఉద్యమం ఎలా ఉండాలన్న విభేదంతో బయటికి వచ్చి, 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. 2009లో చనిపోయేదాకా హక్కుల పనిలోనే ఉన్నారు. మీరు వేదికలు పెట్టనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు మీద సంతకం చేయడానికి పౌరురాలైతే చాలు, దానికి సార్ అనుమతి ఏ సెక్షన్‌లోనూ లేదు. ఒక ఏడాది పోయాక బుద్ధి పుడితే, ఈసారి చెరువు అవతలి ఒడ్డు నుంచి మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో చేపలు పట్టేవాళ్ళ ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, అదీ ధర్నాకు జనం కావాల్సి వచ్చినప్పుడు. చెరువు ఎండినా పూడినా ముందు పస్తుండేది వాళ్ళు. సార్ మీతో ఎలా ఉన్నారో మీ సంఘమంతా వాళ్ళతో అలాగే ఉంది. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు.

అంతా నలుగురికీ తెలిసేలా రాయాలా అన్నారు. ఇప్పుడున్న స్థితిలో వద్దంటాను. అహంకారం, ఎత్తిపొడుపు, ఫోను వేళలు, వీటి మీద బహిరంగ పంచాయతీ పెడితే నెల రోజులు మీ నిద్ర ఇంకా పోతుంది. ఆ చీలిక కోసం ఎదురుచూసే బిల్డర్లు ఉన్నారు. అయితే రెండు విషయాల్లో ఈ సలహా పనిచేయదు. డబ్బు పక్కదారి పట్టిందని చేతిలో ఆధారం ఉంటే చందా ఇచ్చినవాళ్ళకు చెప్పాల్సిందే. లైంగిక వేధింపు జరిగితే, మీకైనా మరో అమ్మాయికైనా, 'ఉద్యమం పరువు' అన్న మాట చెవిన పెట్టవద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తకు కూడా వర్తిస్తుంది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు, మూడు నెలల లోపు ఇవ్వాలి.

నిద్ర సంగతి మాత్రం ఇవన్నీ తేలేదాకా ఆపవద్దు. ఇన్నాళ్ళుగా రాత్రి మూడింటికి లేస్తున్నారంటే డాక్టరును కలవాల్సినంత అయింది. వెళ్ళడానికి మొహమాటమైతే టెలీ మానస్ నంబరు 14416కు చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బు తీసుకోరు.

చివరగా ఆ విద్యార్థిని. ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు గాని, ఉత్తరమంతటిలో నాకు గుచ్చుకున్నది అదే. సార్ మీతో అన్న మాట, మీ నోటితో ఆ అమ్మాయికి చేరింది. ఈ ఆదివారం ఫోను చేయండి. అలా అనకూడదని, తప్పు మీదేనని చెప్పండి. పరీక్షలు ఎలా రాసిందో అడగండి. సర్వే మాట ఎత్తవద్దు.